సర్వర్లు, స్విచ్‌లకి మానిటరింగ్ పెట్టాలి, ఎక్కడ మొదలెట్టాలి? జాబిక్సా, ప్రొమీథియసా, ఇంకేదైనానా?

కొత్తచేయి:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, పోస్ట్ పెద్దదైతే ఏమనుకోకండి.

మా ఆఫీసులో సర్వర్లు చూసుకునే పని ఈ మధ్యే నా నెత్తిన పడింది. ఓ 20 దాకా లినక్స్ మెషీన్లు (ఎక్కువ వీఎంలే, అంటే వర్చువల్ మెషీన్లు, రెండు ఫిజికల్ హోస్టుల మీద), మూడు విండోస్ సర్వర్లు, నాలుగు మేనేజ్డ్ స్విచ్‌లు, ఒక ఫైర్‌వాల్. ఇప్పటిదాకా మా దగ్గర మానిటరింగ్ అంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి "సైట్ ఓపెన్ అవ్వట్లేదండి" అనడమే, అప్పుడు లాగిన్ అయి చూస్తే డిస్క్ ఫుల్ అయ్యుంటుంది. మొన్న కూడా అంతే, లాగులు నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది, మాకంటే ముందు యూజర్లకి తెలిసింది. దాంతో మా మేనేజర్ "ముందే తెలిసేలా ఏదో ఒకటి పెట్టు" అన్నారు.

సరే అని వెతకడం మొదలెడితే నాగియోస్, ఐసింగా, జాబిక్స్, ప్రొమీథియస్, గ్రఫానా, లిబ్రెఎన్ఎంఎస్, చెక్ఎంకే, నెట్‌డేటా, అప్‌టైమ్ కుమా... ఎవరి వీడియో చూస్తే వాళ్ళదే బెస్ట్. ఏజెంట్ (ప్రతి మెషీన్‌లో పెట్టే చిన్న ప్రోగ్రామ్) అంటాడొకడు, ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలని వివరాలు అడిగే పద్ధతి) అంటాడొకడు, పుల్ (సర్వరే వెళ్ళి అడగడం) అంటాడు పుష్ (మెషీనే పంపడం) అంటాడు, బుర్ర వేడెక్కిపోయింది. డబ్బులు పెట్టి కొనే పరిస్థితి లేదు, ఓపెన్ సోర్సే కావాలి.

నా డౌట్లు: ఏది పెట్టాలి, అసలు ఏమేం మానిటర్ చెయ్యాలి, అలర్ట్ లిమిట్లు ఎంత పెట్టాలి? ఇంకోటి, మా ఫ్రెండ్ వాళ్ళ ఆఫీసులో రోజుకి వందల మెయిల్స్ వస్తాయంట, అందరూ ఫిల్టర్ పెట్టి ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తారంట. అలా కాకూడదు మాకు.


పాతసిస్‌అడ్మిన్:

మీ ఫ్రెండ్ ఆఫీస్ సంగతి రాశారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. టూల్ ఏదైనా పర్లేదు అని నేను అనను, తేడాలున్నాయి, కానీ ఆ ఫోల్డర్‌లోకి తోసేసే పరిస్థితి ఏ టూల్‌తో అయినా వస్తుంది.

నేను నాగియోస్ రోజుల నుంచి ఉన్నవాడిని. అది 1999లో నెట్‌సెయింట్ అనే పేరుతో వచ్చింది, తర్వాత పేరు మారింది. ఇప్పుడు కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నేను దాన్ని రికమెండ్ చెయ్యను, కాన్ఫిగ్ ఫైళ్ళు రాసి రాసి చేతులు పడిపోతాయి. కానీ దాని ఐడియా ఒకటి ఇప్పటికీ నేర్చుకోవాల్సిందే. ఒక చెక్ అంటే ఒక చిన్న ప్రోగ్రామ్, అది రన్ అయ్యాక ఒక నంబర్ ఇచ్చి బయటికొస్తుంది. 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అంటే తెలీదు. అంతే! ఈ లెక్క అర్థమైతే మీ సొంత చెక్ బాష్‌లో పది లైన్లలో రాసుకోవచ్చు. పైగా ఆ 3 చాలా ముఖ్యం, ఎందుకంటే "బాగుంది" వేరు, "బాగుందో లేదో నాకు తెలీట్లేదు" వేరు, చాలామంది రెండోదాన్ని కూడా గ్రీన్‌లో చూపించేస్తారు.

ఇక మీ ప్రశ్న. ఏమేం మానిటర్ చెయ్యాలి అని సీపీయూ నుంచి మొదలెట్టకండి. మీకు ఫోన్లు దేని గురించి వస్తున్నాయో ఒక కాగితం మీద రాయండి. సైట్ ఓపెన్ అవ్వట్లేదు, మెయిల్ వెళ్ళట్లేదు, షేర్డ్ ఫోల్డర్ రావట్లేదు, వీపీఎన్ కలవట్లేదు, ఇలా. మొదటి చెక్‌లు అవే అవ్వాలి, అదీ యూజర్ ఎటు నుంచి వస్తాడో అటు నుంచి. సర్వర్‌కి పింగ్ వస్తోంది కదా అని కూర్చుంటే లాభం లేదు, డేటాబేస్ పడిపోయినా పింగ్ హాయిగా వస్తుంది, పింగ్‌కి జవాబిచ్చేది కెర్నల్, మీ అప్లికేషన్ కాదు. వెబ్‌సైట్ అయితే పేజీ తెరిచి 200 కోడ్ (అంటే "ఓకే") వచ్చిందా అని చూడటమే కాదు, లోపల ఫలానా మాట కనిపిస్తోందా అని కూడా చూడాలి, "డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్" అని రాసున్న పేజీకి కూడా 200 ఇచ్చే అప్లికేషన్లు బోలెడు.

ఈ పనికి అప్‌టైమ్ కుమా చాలు, డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్) ఒక్క కమాండ్, 3001 పోర్ట్‌లో బ్రౌజర్ తెరిస్తే సరి, సాయంత్రంలోపు మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పెద్దది పెట్టేలోపు ఇది నడుస్తూ ఉంటుంది, తర్వాత కూడా తీసెయ్యక్కర్లేదు.


జెడ్_టెంప్లేట్:

20 లినక్స్, 3 విండోస్, 4 స్విచ్‌లు, ఒక ఫైర్‌వాల్. ఇది జాబిక్స్ కోసమే పుట్టిన సెటప్ 😄 ఎక్కువ ఆలోచించకండి.

ఎందుకంటే ఏజెంట్, ఎస్ఎన్ఎంపీ, వెబ్ చెక్, అలర్ట్, గ్రాఫ్ అన్నీ ఒకే చోట, బ్రౌజర్‌లోనే క్లిక్ చేసి పెట్టుకోవచ్చు. లినక్స్‌కి ఒక టెంప్లేట్, విండోస్‌కి ఒకటి, స్విచ్‌లకి రకరకాలవి దాంట్లోనే వస్తాయి. హోస్ట్ యాడ్ చేసి టెంప్లేట్ తగిలిస్తే డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు అదే వెతుక్కుంటుంది, లో లెవెల్ డిస్కవరీ అంటారు దాన్ని.

కొత్తవాళ్ళు ఇరుక్కునే చోట్లు రెండు చెప్తా. ఒకటి పాసివ్, యాక్టివ్ గొడవ. పాసివ్ అంటే సర్వరే వెళ్ళి ఏజెంట్‌ని 10050 పోర్ట్‌లో అడుగుతుంది. యాక్టివ్ అంటే ఏజెంటే వచ్చి సర్వర్‌కి 10051లో ఇస్తుంది. ఫైర్‌వాల్‌లో ఏ వైపు తెరవాలనేది దీన్ని బట్టే. రెండోది, యాక్టివ్ పెట్టినప్పుడు ఏజెంట్ కాన్ఫిగ్‌లో హోస్ట్‌నేమ్ అని ఉండే లైన్, వెబ్‌లో మీరు హోస్ట్‌కి ఇచ్చిన పేరు, రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయ్యుండాలి, కాపిటల్ స్మాల్ తేడా ఉన్నా డేటా రాదు, ఎర్రర్ కూడా మీరు లాగ్ తెరిచి చూస్తే తప్ప కనపడదు. ఇక్కడ అడిగే "ఏజెంట్ రన్ అవుతోంది కానీ డేటా రావట్లేదు" ప్రశ్నల్లో సగం ఇదే.

మర్చిపోయా, ఇన్‌స్టాల్ అవ్వగానే డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి, అది ప్రపంచం మొత్తానికీ తెలుసు.


గోఫర్:

జాబిక్స్ మంచిదే కానీ "ఆలోచించకండి" అనేంత కాదు.

కొత్తచేయి గారు, మీ వాళ్ళు రేపో మాపో కంటైనర్లు, వాటిని గుంపుగా నడిపే కుబర్నెటిస్ వైపు వెళ్ళే ఆలోచనలో ఉంటే ప్రొమీథియస్ ఇప్పుడే నేర్చుకోండి. ఇది 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైంది, 2016లో సీఎన్‌సీఎఫ్‌లో (ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చూసుకునే సంస్థ) చేరింది, కుబర్నెటిస్ తర్వాత చేరిన రెండో ప్రాజెక్ట్ ఇదే, అందుకే ఆ వైపు దాదాపు ఏ టూల్ తీసుకున్నా ప్రొమీథియస్ ఫార్మాట్‌లోనే మెట్రిక్స్ (కొలతల అంకెలు) ఇస్తుంది. మెషీన్ల మీద నోడ్ ఎక్స్‌పోర్టర్ అని చిన్న బైనరీ పెడతారు, 9100 పోర్ట్‌లో ఉత్త టెక్స్ట్ పేజీ, బ్రౌజర్‌లో తెరిచి కళ్ళతో చదువుకోవచ్చు. ప్రొమీథియస్ 15 సెకన్లకో 60 సెకన్లకో వెళ్ళి ఆ పేజీ లాక్కొస్తుంది, రాకపోతే "అప్" అనే మెట్రిక్ దానంతటదే 0 అయిపోతుంది, మెషీన్ పోయిందని వేరే చెక్ రాయక్కర్లేదు.

దీని బలం క్వెరీలో ఉంది. డిస్క్ 90 శాతం దాటితే అలర్ట్ అని అందరూ పెడతారు, కానీ 4 టెరాబైట్ల డిస్క్‌లో 10 శాతం అంటే ఇంకా 400 గిగాబైట్లు ఖాళీ ఉన్నట్టు, దానికోసం అర్ధరాత్రి ఎవర్నైనా లేపుతామా? అదే 20 గిగాబైట్ల రూట్ పార్టిషన్‌లో ఏదో లాగ్ పిచ్చిపట్టినట్టు పెరుగుతుంటే 60 శాతం దగ్గరే పరిగెత్తాలి. దీనికి ప్రెడిక్ట్ లీనియర్ అని ఫంక్షన్ ఉంది, గత ఆరు గంటల్లో పెరిగిన స్పీడ్ చూసి ఇదే స్పీడ్‌లో పోతే రేపటికల్లా నిండుతుందా అని లెక్క కట్టి చెప్తుంది. మీ డేటాబేస్ ఆగిపోయిన కేసు సరిగ్గా ఇదే కదా.

లోపాలు కూడా చెప్పాలి. గ్రాఫులకి గ్రఫానా వేరేగా, అలర్టులకి అలర్ట్‌మేనేజర్ వేరేగా పెట్టుకోవాలి, అంతా యామ్ల్ అనే టెక్స్ట్ కాన్ఫిగ్ ఫైళ్ళే. డేటా డీఫాల్ట్‌గా 15 రోజులే ఉంచుతుంది. స్విచ్‌ల కోసం ఎస్ఎన్ఎంపీ ఎక్స్‌పోర్టర్ ఉంది కానీ మామూలు ఇంటర్‌ఫేస్ లెక్కలు దాటి ఆ కంపెనీ సొంత ఎంఐబీలు (ఏ నంబర్ ఏ వివరమో చెప్పే పట్టికలు) కావాలంటే జెనరేటర్ అనే టూల్‌తో కుస్తీ పట్టాలి, ఒప్పుకుంటా. ఇంకో సంగతి, నోడ్ ఎక్స్‌పోర్టర్‌కి డీఫాల్ట్‌గా పాస్‌వర్డ్ లేదు, ఆ పోర్ట్ ఇంటర్నెట్ వైపు తెరిచి పెట్టకండి.


జెడ్_టెంప్లేట్:

@గోఫర్ ఎప్పుడు నిండుతుందో లెక్క కట్టే ఫంక్షన్ జాబిక్స్‌లోనూ ఉంది, టైమ్‌లెఫ్ట్ అంటారు. అదేదో మీ ఒక్కరి సొత్తు అన్నట్టు చెప్పకండి 😀


పోర్ట్_48:

అందరూ సర్వర్ల మీదే పడ్డారు, ఆ నాలుగు స్విచ్‌ల గురించి ఒక్కరూ చెప్పట్లేదు. నెట్‌వర్క్ వైపు నేను చెప్తా.

స్విచ్‌లో ఏజెంట్ పెట్టలేరు కాబట్టి ఎస్ఎన్ఎంపీనే దిక్కు. మీరు యూడీపీ 161లో అడిగితే స్విచ్ జవాబిస్తుంది, స్విచ్‌కి ఏదైనా అయితే అదే మీకు 162కి ట్రాప్ (హెచ్చరిక మెసేజ్) పంపుతుంది. ట్రాప్‌ల మీద పూర్తిగా ఆధారపడకండి, యూడీపీ కాబట్టి దారిలో పోతే పోయినట్టే, స్విచ్ చచ్చిపోతే ట్రాప్ పంపడానికి అది ఉండదు కూడా. వర్షన్ 3 వచ్చే స్విచ్ అయితే ఆథెంటికేషన్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఆన్ చేసి అదే వాడండి. పాత స్విచ్‌లో వర్షన్ 2సీ తప్ప వేరే దారి లేకపోతే "పబ్లిక్" అనే కమ్యూనిటీ పేరు తీసేసి వేరేది పెట్టి, రీడ్ ఓన్లీ చేసి, మానిటరింగ్ సర్వర్ ఐపీకి తప్ప ఇంకెవరికీ జవాబివ్వకుండా యాక్సెస్ లిస్ట్ పెట్టండి. 2సీలో ఆ పేరు వైరు మీద ఓపెన్‌గా పోతుంది, అది పాస్‌వర్డ్ అనుకోకండి.

ఇప్పుడు అసలు తంటా. గ్రాఫ్ పెట్టాక గిగాబిట్ పోర్ట్‌లో ట్రాఫిక్ పెరిగే కొద్దీ గ్రాఫ్ విచిత్రంగా కిందికి పడిపోతుంటే అది 32 బిట్ కౌంటర్ అని అర్థం. పోర్ట్ గుండా ఎన్ని బైట్లు పోయాయో స్విచ్ ఊరికే కూడుతూ పోతుంది, 32 బిట్లలో సుమారు 429 కోట్ల దాకానే పడుతుంది, దాటితే మళ్ళీ సున్నా నుంచి. గిగాబిట్ లింక్ నిండుగా నడిస్తే 34 సెకన్లలో ఒక చుట్టు పూర్తయిపోతుంది. మీరు 5 నిమిషాలకోసారి అడుగుతుంటే ఈలోపు అది ఎనిమిది చుట్లు తిరిగి కూర్చుంటుంది, మీ టూల్‌కి ఒక్క చుట్టు కూడా కనపడదు, లెక్కంతా తప్పు. అందుకని పేరులో హెచ్‌సీ ఉండే 64 బిట్ కౌంటర్లు (ఇఫ్‌హెచ్‌సీఇన్ఆక్టెట్స్, ఇఫ్‌హెచ్‌సీఔట్ఆక్టెట్స్) తీసుకోవాలి. ఇవి ఎస్ఎన్ఎంపీ వర్షన్ 1లో రావు, కనీసం 2సీ ఉండాలి. ఇప్పటి టెంప్లేట్లు చాలావరకు ఇవే వాడతాయి, కానీ ఎవరో ఎప్పుడో యాడ్ చేసిన హోస్ట్ వర్షన్ 1 మీదే ఉండిపోతే మాత్రం గ్రాఫ్ అందంగా అబద్ధం చెప్తుంది.

ట్రాఫిక్ గ్రాఫ్ కన్నా నాకు ఎర్రర్, డిస్కార్డ్ కౌంటర్లు ముఖ్యం. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ప్యాకెట్లు) పెరుగుతుంటే కేబుల్, ఎస్ఎఫ్‌పీ (పోర్ట్‌లో దూర్చే మాడ్యూల్), లేదా ఒకవైపు ఫుల్ డ్యూప్లెక్స్ ఇంకోవైపు హాఫ్. డిస్కార్డ్‌లు (స్విచ్ వదిలేసిన ప్యాకెట్లు) పెరుగుతుంటే అది వేరు, కేబుల్ బాగానే ఉంది, పోర్ట్‌కి మోయలేనంత వస్తోంది. "సర్వర్ స్లోగా ఉంది" అని సర్వర్ టీమ్ అంతా తల పట్టుకున్న కేసులో చివరికి ప్యాచ్ కార్డ్ మార్చితే సరిపోవడం నేను చాలాసార్లు చూశా.

ప్రతి పోర్ట్‌కీ డిస్క్రిప్షన్ రాయండి, దయచేసి. ఎక్కడికి పోతుందో ఆ పేరు. కొన్ని స్విచ్‌లు రీబూట్ అయితే లోపలి ఇండెక్స్ నంబర్లు మార్చేస్తాయి, నిన్నటి దాకా 12వ పోర్ట్ గ్రాఫ్ అనుకున్నది ఇవాళ వేరే పోర్ట్‌ది అవుతుంది. డిస్క్రిప్షన్ ఉంటే కనీసం తెలుస్తుంది, అలర్ట్ మెయిల్‌లో కూడా "గిగా 0/12 డౌన్" కి బదులు "బ్యాకప్ సర్వర్ అప్‌లింక్ డౌన్" అని వస్తుంది.

నెట్‌వర్క్ ఎక్కువ ఉండి సర్వర్లు తక్కువ అయితే లిబ్రెఎన్ఎంఎస్ అనేవాణ్ణి, స్విచ్ ఐపీ ఇస్తే మిగతాదంతా అదే లాగేస్తుంది. మీకైతే జాబిక్స్ ఒక్కటే చాలు.


కొత్తచేయి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ముందు అప్‌టైమ్ కుమా పెట్టేశా, అది నడుస్తోంది. కుబర్నెటిస్ ఇప్పట్లో లేదు కాబట్టి జాబిక్స్ కూడా ఒక వీఎంలో ఇన్‌స్టాల్ చేసి లినక్స్ మెషీన్లన్నీ ఎక్కించా, స్విచ్‌లు కూడా వచ్చాయి.

ఇప్పుడు కొత్త డౌట్లు. ఒక స్విచ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం రీబూట్ చేస్తే దాని వెనకున్న సర్వర్లన్నిటికీ విడివిడిగా మెయిల్స్ వచ్చిపడ్డాయి, తర్వాత అన్నిటికీ "రిజాల్వ్డ్" అని మళ్ళీ ఒక్కో మెయిల్. ఇది ఎలా ఆపాలి? రెండోది, ఒక ఫైల్ సర్వర్‌లో లోడ్ యావరేజ్ 14 చూపిస్తోంది, కోర్లు 4 మాత్రమే, కానీ సీపీయూ 90 శాతం ఐడిల్ అంటోంది. రెండిట్లో ఏది నమ్మాలి? మూడోది, ఒక మెషీన్‌లో ఫ్రీ అని కొట్టి చూస్తే ఫ్రీ మెమరీ దాదాపు ఏమీ లేదు, జాబిక్స్ మాత్రం కిక్కురుమనట్లేదు.


పాతసిస్‌అడ్మిన్:

మూడోది ముందు, ఎందుకంటే అది చిన్నది. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ ఊరికే ఉంచదు, ఫైళ్ళ క్యాష్‌కి వాడేస్తుంది, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. అందుకని "ఫ్రీ" కాలమ్ వదిలేసి "అవైలబుల్" కాలమ్ చూడండి, జాబిక్స్ చూసేది కూడా అదే. మెమరీ నిజంగా తగ్గుతోందా లేదా అనడానికి స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) పేజీలు ఆగకుండా వెళ్తూ వస్తూ ఉన్నాయా అనేది ఇంకా మంచి గుర్తు.

లోడ్ సంగతి. రెండూ నిజమే చెప్తున్నాయి. లినక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ కోసం క్యూలో ఉన్న ప్రాసెస్‌లు మాత్రమే కాదు, డిస్క్ జవాబు కోసమో ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద వాడే ఇంకో మెషీన్ ఫోల్డర్) కోసమో కదలకుండా ఎదురుచూస్తున్నవి కూడా దాంట్లో కలుస్తాయి. పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి స్టాట్ కాలమ్‌లో "డి" అని ఉన్నవి చూడండి. అవి ఓ పది ఉన్నాయనుకోండి, అన్నీ ఒకే మౌంట్ దగ్గర ఆగుంటే, అవతలి ఎన్ఎఫ్ఎస్ సర్వర్ జవాబివ్వట్లేదనే. లేదా డిస్క్ పోతోంది. ఫైల్ సర్వర్ అన్నారు కాబట్టి స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) కూడా తీసి 5, 197 నంబర్ల లైన్లు చూడండి, మొదటిది డిస్క్ పక్కన పెట్టేసిన సెక్టార్లు, రెండోది చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. ఇవి సున్నా కాకుండా, పెరుగుతూ కూడా ఉంటే బ్యాకప్ చూసుకుని డిస్క్ మార్చే పనిలో ఉండండి.


జెడ్_టెంప్లేట్:

మెయిల్స్ వరద గురించి.

జాబిక్స్‌లో అలర్ట్ మోగించే షరతుని ట్రిగ్గర్ అంటారు, వాటికి ట్రిగ్గర్ డిపెండెన్సీ అని ఉంటుంది. సర్వర్ అందట్లేదు అనే ట్రిగ్గర్‌ని స్విచ్ అందట్లేదు అనే ట్రిగ్గర్ మీద ఆధారపడేలా పెడితే, స్విచ్ పడినప్పుడు స్విచ్ మెయిల్ ఒక్కటే వస్తుంది. దీనికి ఏ సర్వర్ ఏ స్విచ్ వెనక ఉందో మీకు తెలియాలి, పోర్ట్_48 గారు పోర్ట్‌లకి పేర్లు రాయమన్నది ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, సర్వర్ చెక్ స్విచ్ చెక్ కన్నా ముందు ఫెయిల్ అయితే మెయిల్ వెళ్ళిపోతుంది, అందుకని స్విచ్‌ని తరచుగా చెక్ చెయ్యండి, సర్వర్ మెయిల్ కొంచెం ఆలస్యంగా పోయేలా పెట్టండి.

మీరే కావాలని రీబూట్ చేస్తున్నప్పుడు మెయింటెనెన్స్ పీరియడ్ పెట్టుకోవాలి. రెండు నిమిషాల పని, కానీ ఎవరూ పెట్టరు.

ఇక లిమిట్లు. సీపీయూ ఒక్క క్షణం 95 కొట్టిందని మెయిల్ రాకూడదు. ట్రిగ్గర్‌లో లాస్ట్ బదులు మిన్ వాడండి, 5 నిమిషాల మినిమమ్ 90 పైన ఉంటేనే అని. అంటే ఆ 5 నిమిషాల్లో వచ్చిన ప్రతి రీడింగూ 90 దాటితేనే మోగుతుంది. రికవరీకి వేరే లిమిట్ పెట్టండి, 90 దగ్గర మోగితే 80కి దిగాకే క్లియర్ అవ్వాలి, లేకపోతే 89, 91, 89, 91 అంటూ రాత్రంతా మెయిల్సే.


గోఫర్:

ఆయన చెప్పిందంతా కరెక్టే కానీ ఒక మెట్టు ముందు ఆగాలి. సీపీయూ 90 దాటింది, సరే, మెయిల్ చూసినవాడు ఏం చెయ్యాలి? చెయ్యడానికేమీ లేకపోతే ఆ మెయిల్ ఎందుకు? బ్యాకప్ టైంలో కంప్రెషన్ నడుస్తుంటే సీపీయూ 100 ఉండడమే మంచిది, డబ్బులు పెట్టి కొన్న కోర్లు పని చేస్తున్నట్టు. సైట్ 2 సెకన్లలో తెరుచుకోవాల్సింది 10 సెకన్లు పడుతోంది అన్నది అలర్ట్. సీపీయూ అనేది ఆ అలర్ట్ వచ్చాక ఎందుకో వెతకడానికి తెరిచి చూసే గ్రాఫ్.

నేనైతే మూడు మెట్లు పెడతా. ఫోన్ మోగేవి చాలా కొద్ది, యూజర్ పని ఆగిపోయేవి మాత్రమే. ఆ తర్వాత పొద్దున వచ్చి చూసుకునేవి, డిస్క్ వారంలో నిండుతుంది లాంటివి, ఇవి చాట్ గ్రూప్‌లోకో టికెట్‌లోకో పోతాయి. మిగతావన్నీ గ్రాఫ్‌లో ఉంటాయి, ఎవరికీ ఏమీ పంపవు. మొదటి మెట్టులోకి ఏదైనా కొత్తది చేర్చాలంటే అలర్ట్ మెసేజ్‌లోనే "వస్తే ఇది చెయ్యి" అని ఒక లైన్ రాయాలి, రాయలేకపోతే రెండో మెట్టుకి పోవాల్సిందే. ఇలా లేకపోతే నాన్నా పులి కథే, నిజంగా డేటాబేస్ పడిన రోజున కూడా అందరూ ఫోన్ తిరగేసి పడుకుంటారు.


రాత్రిషిఫ్ట్:

పైన ఎవరూ ముట్టుకోనివి కొన్ని.

మానిటరింగ్ సర్వర్ పోతే మీకెవరు చెప్తారు? మీ జాబిక్స్ వీఎం ఆ రెండు ఫిజికల్ హోస్టుల్లోనే ఒకదాని మీద ఉందనుకుంటా. ఆ హోస్ట్ పోతే మానిటరింగ్ కూడా పోతుంది, మెయిల్స్ ఏమీ రావు, అంతా ప్రశాంతంగా ఉందనుకుంటారు. దీనికి తిరగేసిన చెక్ కావాలి. జాబిక్స్ మెషీన్ నుంచి క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) 5 నిమిషాలకోసారి బయట ఎక్కడో ఉన్న సర్వీస్‌కి "నేను బతికే ఉన్నా" అని ఒక రిక్వెస్ట్ పోవాలి, అది రావడం ఆగిపోతే బయటి సర్వీస్ మీకు మెసేజ్ పెట్టాలి. మీ అప్‌టైమ్ కుమాలో పుష్ మానిటర్ అని ఉంది, అదీ ఈ పని చేస్తుంది, కాకపోతే కుమాని ఆ హోస్టుల మీద కాకుండా వేరే చోట పెట్టాలి. మీ మెయిల్ సర్వర్ పడిపోతే ఆ మెయిల్ సర్వర్ పడిందన్న అలర్ట్ ఏ దారిలో వస్తుందో కూడా ఆలోచించండి, మెయిల్ కాకుండా ఇంకో దారి ఉండాలి.

బ్యాకప్‌లకి కూడా ఇదే పద్ధతి. "ఫెయిల్ అయితే మెయిల్ పంపు" అని స్క్రిప్ట్‌లో రాస్తారు, స్క్రిప్ట్ అసలు రన్ అవ్వకపోతే ఆ మెయిల్ ఎవరు పంపుతారు? కాబట్టి చివరి బ్యాకప్ ఫైల్ వయసెంత, సైజెంత అని చూడండి. 30 గంటలు దాటినా, నిన్నటి సైజులో సగానికి పడిపోయినా అలర్ట్. సున్నా బైట్ల డంప్ ఫైల్ పేరు పద్ధతిగా డేట్‌తో సహా వచ్చి కూర్చుంటుంది, ఫైల్ ఉందా లేదా అని మాత్రమే చూసే చెక్ దాన్ని పాస్ చేసేస్తుంది.

సర్టిఫికెట్లు. సైట్ హెచ్‌టీటీపీఎస్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్లు వాడుతుంటే 90 రోజులకి ఎక్స్‌పైర్ అవుతాయి, ఆటో రెన్యూ ఉంది కదా అంటారు. రెన్యూ అవుతుంది, డిస్క్ మీద కొత్త ఫైల్ వస్తుంది, కానీ ఎన్‌జిన్ఎక్స్ (వెబ్ సర్వర్) రీలోడ్ అవ్వకపోతే అది మెమరీలో ఉన్న పాతదే ఇస్తూ ఉంటుంది. అందుకని ఫైల్ డేట్ కాదు, బయట నుంచి 443 పోర్ట్‌కి కనెక్ట్ అయి అక్కడ వచ్చే సర్టిఫికెట్ డేట్ చూడాలి. కుమా ఇది కూడా చూస్తుంది, ఆన్ చేసుకోండి.

డిస్క్‌లో ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైల్‌కి ఒక్కోటి పట్టే రికార్డులు. స్పేస్ 40 శాతమే వాడినా "నో స్పేస్ లెఫ్ట్" అని వస్తే డీఎఫ్ కమాండ్‌కి మైనస్ ఐ తగిలించి చూడండి, ఎక్కడో లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్ళు పేరుకుపోయుంటాయి. ఇంకోటి, పెద్ద లాగ్ డిలీట్ చేసినా స్పేస్ తిరిగి రాకపోతే ఆ ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచే పెట్టుకుందని అర్థం, దాన్ని రీస్టార్ట్ చేస్తేనే వదులుతుంది.

అన్ని మెషీన్లలోనూ టైమ్ సింక్ అవుతోందో లేదో కూడా ఒక చెక్ వెయ్యండి. ఒక్కో లాగ్ ఒక్కో టైమ్ చూపిస్తే ఏది ముందు పడిందో తేల్చలేరు.


కొత్తచేయి:

పీఎస్‌లో "డి" అని తొమ్మిది ప్రాసెస్‌లు ఉన్నాయి, అన్నీ ఒక పాత ఎన్ఎఫ్ఎస్ మౌంట్ మీదే, ఆ అవతలి మెషీన్ ఎప్పుడో తీసేశారంట, నేను రాకముందే. మౌంట్ తీసేశాక లోడ్ మామూలుకొచ్చింది. స్మార్ట్‌లో 5, 197 రెండూ సున్నానే. కుమాని వేరే చోటికి మారుస్తా, బ్యాకప్ చెక్ కూడా ఈ వారమే రాస్తా.

ఆఖరి డౌట్, జాబిక్స్ డేటాబేస్‌కి ఎంత డిస్క్ ఇవ్వాలి? ప్రస్తుతం 20 గిగాబైట్ల వీఎంలో ఉంది, మానిటరింగ్ సర్వరే డిస్క్ ఫుల్ అయి పడిపోతే పరువు పోతుంది 😅


జెడ్_టెంప్లేట్:

లెక్క వేద్దాం. ఒక్కో మెషీన్‌కి 100 ఐటమ్స్ (ఒక్కో కొలత ఒక్కో ఐటమ్) అనుకుంటే 20 మెషీన్లకి 2000, నిమిషానికోసారి అంటే సెకనుకి సుమారు 33 విలువలు, రోజుకి 28 లక్షల పైచిలుకు. ఒక్కో విలువకి దాదాపు 90 బైట్లు వేసుకోండి, రోజుకి 260 మెగాబైట్లు అటూ ఇటూగా. నెల ఉంచితే 8 గిగాబైట్లు. స్విచ్‌లు కలిపితే ఇంకొంచెం పైన, నాలుగు స్విచ్‌లే అయినా పోర్ట్‌కి ఏడెనిమిది ఐటమ్స్ వేసుకుంటే అవే బోలెడవుతాయి, వాడని పోర్ట్‌లు డిస్కవరీ ఫిల్టర్‌లో తీసెయ్యండి.

నెల దాటిన డేటా నిమిషం నిమిషానికీ ఎవరికీ అక్కర్లేదు. జాబిక్స్‌లో హిస్టరీ వేరు, ట్రెండ్స్ వేరు. ట్రెండ్స్ అంటే గంటకి ఒక్క వరస, ఆ గంటలో మినిమమ్, మాక్సిమమ్, యావరేజ్. ఇవే 2000 ఐటమ్స్‌కి ఏడాది పొడుగునా ట్రెండ్స్ ఉంచినా గిగాబైటున్నర దాకానే అవుతుంది. సో హిస్టరీ 14 రోజులు, ట్రెండ్స్ ఏడాది పెట్టుకుంటే ఇప్పటికి 20 సరిపోతుంది, కానీ 50 ఇవ్వండి, విండోస్ మెషీన్లు ఇంకా ఎక్కించలేదు కదా. లాగ్ ఐటమ్స్, టెక్స్ట్ ఐటమ్స్ మాత్రం జాగ్రత్త, ఈ లెక్కలన్నీ నంబర్లకే, ఎవరైనా పెద్ద లాగ్ ఫైల్ మొత్తం జాబిక్స్‌లోకి లాగడం మొదలెడితే డిస్క్ ఎప్పుడు నిండుతుందో ఎవరూ చెప్పలేరు.


గోఫర్:

టైమ్‌లెఫ్ట్ చెప్తుంది కదా 😀


జెడ్_టెంప్లేట్:

చెప్తుంది, డేటాబేస్ బతికున్నంత వరకు. అందుకే జాబిక్స్ వీఎం డిస్క్ చెక్ మాత్రం కుమా ఉన్న మెషీన్ నుంచి వెయ్యమనండి, క్రాన్‌లో చిన్న స్క్రిప్ట్ చాలు.